మేకదని చెప్పింది

పొట్లం మూల కత్తిరించగానే స్పిరిటు వాసన గుప్పుమంది. తాయారమ్మ ఫోర్సెప్స్‌తో లోపలి పొరను పట్టి తీసి, సెలైను పోసిన గిన్నెలో వదిలింది. తడిసిన ఉల్లిపొరలా మెల్లగా విప్పుకుంది అది. స్పిరిటు పోయేదాకా కడగాలి. లేకపోతే పుండు మీద కారం చల్లినట్టే. నీళ్ళు పారబోసింది, మళ్ళీ పోసింది, మళ్ళీ పారబోసింది. చేతులు ఎంత నిదానమో నోరు అంత తొందర ఆమెకు. ఆస్పత్రిలో అందరికీ తెలుసు ఆ సంగతి, ఆమెకూ తెలుసు.

బల్ల మీద సోమి కళ్ళు మూసుకుని పడుకుంది. పదేళ్ళుంటాయేమో. కుడి మణికట్టు నుంచి మోచెయ్యి పైదాకా బొబ్బలు చిట్లి, లోపలి ఎరుపు తడితడిగా కనిపిస్తోంది. ఇప్పపువ్వు రాలే రోజులు. చెట్టు కింద ఎండాకు కాలబెట్టి నేల నున్నగా చేసుకుంటే రాలిన పువ్వు కంటికి ఆనుతుంది. ఊరూరా చేసే పనే. ఈ పొద్దున గాలి తిరిగింది. పువ్వు నిండిన బుట్ట దాకా మంట పాకింది. పిల్ల చెయ్యి పెట్టి బుట్టను లాగింది. బుట్ట దక్కింది.

"ఏడవదేంది ఈ పిల్ల? ఏడువు బిడ్డా, ఎవరూ ఏమనరు," అంది తాయారమ్మ.

"తొవ్వ పొడుగునా ఏడ్చింది సిస్టరమ్మా. ఇంక ఓపిక లేదు," అన్నాడు గోడకానుకుని నిలబడ్డ తండ్రి బిజ్జా. తర్రెం అవతల, అడవి లోపలి ఊరు వాళ్ళది. పిల్లను భుజాన వేసుకుని రోడ్డెక్కి, దొరికిన ట్రాక్టరు పట్టుకుని ఈ ఆస్పత్రికి వచ్చాడు. ఆవపల్లి దాటాక రోడ్డు పక్కన ఒక ట్రస్టు వాళ్ళు నడిపే నాలుగు గదుల ఆస్పత్రి ఇది. ఏటా మిరపకాయ కోతకు భద్రాచలం దిక్కు పోయే మనిషి కాబట్టి బిజ్జాకు తెలుగు బాగానే వచ్చు.

డాక్టర్ ఉమేష్ రాయపూర్ కుర్రాడు. చెయ్యిని మెల్లగా అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తనే బీరువా తెరిచి ఈ పొట్లం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఎప్పుడో క్యాంపుకొచ్చిన వాళ్ళు వదిలివెళ్ళిన వాటిలో ఆఖరిది. కొలాజెన్ షీటు అంటారు. పశువు తోలులోంచి తీసి శుద్ధిచేసిన పొర. కాలిన చోట పరిస్తే అతుక్కుపోతుంది. నొప్పి తగ్గిస్తుంది, చీము పట్టనివ్వదు, దాని కింద కొత్త చర్మం నెమ్మదిగా అల్లుకుంటుంది. పని అయిపోయాక అదే ఎండి ఊడిపోతుంది.

"మోచేతి మడత చూశారా సిస్టర్," అన్నాడు డాక్టరు హిందీలో. "మామూలు కట్టు కడితే మాటిమాటికీ పుండు రేగుతుంది. మానేసరికి మడత దగ్గర బిగుసుకుపోయి చెయ్యి వంగే ఉండిపోతుంది. ఇది అతుక్కుంటే చెయ్యి దక్కుతుంది. ఇది పోతే నా దగ్గర ఇంకోటి లేదు."

అంతే చెప్పి, పక్కగదిలో పురిటి నొప్పులు పడుతున్న మనిషి దగ్గరికి పరుగెత్తాడు.

తాయారమ్మ పొరను రెండు చేతుల మీదికి తీసుకుంది. నీళ్ళు కారనిచ్చింది. అప్పుడు బిజ్జా దగ్గరికొచ్చి, మెడ సాచి చూశాడు.

"తోలా ఇది?"

ఆమె పొరను వెలుతురుకు తిప్పింది.

"తోలే," అన్నాడు తనే. "డోలుకు పట్టెటప్పుడు నానబెట్టి గీకుతం గద, లోపలి పొర ఇట్లనే వస్తది. దేని తోలు సిస్టరమ్మా?"

గదిలో లైటు పట్టుకుని భానుప్రసాద్ ఉన్నాడు. కట్లు కట్టడంలో సాయం చేసే మనిషి. పనిమంతుడే, కాని నోట్లో నువ్వుగింజ నానదు. ఇక్కడ తుమ్మితే బజారులో చిరంజీవ అనిపిస్తాడు. అట్లాంటివాడి ముందు ఆవు తోలు పిల్ల ఒంటికి అతికిస్తున్నానని చెప్పడమా? మొన్నటి సంతలో ఆవులను కోతకు తోలుతున్నాడని కొందరు పశువుల బండిని ఆపి, తోలుకొచ్చినవాణ్ణి కొట్టి చెయ్యి విరగ్గొట్టారు. ఆ చేతికి కట్టు కట్టింది తాయారమ్మే. రేపు ఆస్పత్రి ముందు గుంపు చేరితే ఎవరు సమాధానం చెప్పాలి? అదీకాక ఈ బిజ్జా మాత్రం ఊరుకుంటాడా? ఆవు అంటే బెదిరి పిల్లను ఎత్తుకుపోతే ఆ చెయ్యి ఏంగాను?

ఇంత ఆలోచన రెప్పపాటులో అయింది. మేకంటే ఎవరికి పేచీ? అందరూ తినేదే.

"మేకది," అంది. "మేకది బిజ్జా. మంచిగ శుద్ధిచేసి పంపుతరు. జర పక్కకు జరుగు, వెలుతురుకు అడ్డం రాకు."

బిజ్జా పక్కకు జరిగాడు. గోడదాకా జరిగాడు.

పొర అంచును మణికట్టు దగ్గర ఆనించి, వేలివెంట వేలు పెట్టుకుంటూ పైకి పరుచుకుంటూ పోయింది తాయారమ్మ. కింద గాలి బుడగ మిగిలితే అక్కడ అతుక్కోదు, నీరు చేరి కుళ్ళుతుంది. తడి గాజుగుడ్డ ముద్దతో నడిమి నుంచి అంచులకు మెల్లగా ఒత్తింది. మోచేతి మడత దగ్గర చెయ్యి చాపి పట్టుకోమని భానుప్రసాద్‌కు చెప్పి, అక్కడ ముడత రాకుండా రెండుసార్లు తీసి పరిచింది. కింది ఎరుపు ఆ పొరలోంచి మసగ్గా కనబడుతోంది. చెయ్యి వంగకుండా వెనక చెక్క పెట్టి, పుండుకు అంటుకోకుండా కొవ్వు పూసిన గాజుగుడ్డ వేసి కట్టు కట్టేసరికి ఆమె వీపు పట్టేసింది.

సోమి కళ్ళు తెరిచింది. కట్టు వైపు చూసుకుంది.

"మంట పోయింది," అంది తండ్రితో వాళ్ళ భాషలో. ఆ మాత్రం తాయారమ్మకూ అర్థమైంది. పిల్ల వెంటనే నిద్రపోయింది. తాయారమ్మకు కళ్ళనీళ్ళు తిరిగినంత పనైంది. చెయ్యి దక్కుతుంది, దేవుడా, దక్కించు అనుకుంది.

వార్డులో ఉన్నన్నాళ్ళూ పిల్ల ఆమెకు తెగ మాలిమి అయింది. ఎడమచేత్తో తల దువ్వుకోవడం చేతకాక నవ్వేది. జ్వరం రాలేదు. కట్టు విప్పి చూస్తే పొర ఎండి, గోధుమరంగుకు తిరిగి, చేతికి పుట్టుకతో ఉన్నట్టే అంటుకుని ఉంది. అంచు ఒకచోట లేస్తే కత్తెరతో అంతమేరే కత్తిరించింది తాయారమ్మ. "ఇంతే. లేచింది లేచినట్టు కత్తిరించాలె గాని, పీకొద్దు. గోరు కూడా తగలొద్దు. పీకినవో, కొత్త తోలు దాంతోనే వస్తది," అని బిజ్జాకు అక్కడికక్కడే చూపించింది. వాడు తలూపాడు.

ఒక్క సంగతి ఆమెకు నచ్చలేదు. బిజ్జా అన్నం తెచ్చి ఆకులో పెట్టి, ఆ ఆకును పిల్ల వైపు జరిపి దూరంగా కూర్చునేవాడు. కుడిచెయ్యి చెక్కకు కట్టేసిన పిల్ల ఎడమచేత్తో తిప్పలు పడి తినేది. సగం మెతుకులు ఒళ్ళోనే.

"నీ చేతులకేమైందయ్యా? బిడ్డకు ఇంత కలిపి పెడితే అరిగిపోతవా?" అని కసిరింది ఒకరోజు.

బిజ్జా తల వంచుకున్నాడు. సోమి కూడా తల వంచుకుంది. సరే, వీళ్ళలో మగవాళ్ళు పిల్లలకు తినిపించరేమోలే అనుకుని, తనే కూర్చుని కలిపి పెట్టింది.

ఇప్పపువ్వు రాలుతోంది, ఇంట్లో చంటిదాన్ని పెట్టుకుని పెళ్ళాం ఒక్కతే ఏరుతోంది, పంపించమని బిజ్జా అడిగాడు. డాక్టరు చెయ్యి చూసి, బాగుంది, సంతనాడు మళ్ళీ తీసుకురమ్మని పంపాడు. తాయారమ్మ గాజుగుడ్డ, కొవ్వు పూసిన గుడ్డ అన్నీ సంచిలో కట్టి ఇచ్చింది. "సంతకు రాకపోతే నేనే మీ ఊరొస్త. వచ్చి మీ అయ్య చెవి మెలేస్త," అంది. సోమి నవ్వింది. బిజ్జా దండం పెట్టాడు. ఎంత వంగి పెట్టాడంటే ఆమెకే సిగ్గేసింది.

సంత వచ్చింది, పోయింది. బిజ్జా జాడ లేదు. సంతకొచ్చిన వాళ్ళను అడిగితే ఒకరు తెలియదన్నారు, ఒకరు నవ్వి ఊరుకున్నారు.

"వీళ్ళింతే సిస్టర్ జీ. నయమైతే రారు," అన్నాడు భానుప్రసాద్.

"నయమైతే నాకూ సంతోషమే. పద, చూసొద్దాం."

డాక్టరును ఒప్పించి, భానుప్రసాద్ మోటారుసైకిలెక్కి బయల్దేరింది. తారు రోడ్డు ఉన్నంతవరకు బాగానే ఉంది. తర్వాత కంకర. ఆ తర్వాత అదీ లేదు. వాగు దగ్గర బండి ఆపి, తనకు కాళ్ళు నొప్పులని భానుప్రసాద్ చెట్టు నీడన కూలబడ్డాడు. నీ కాళ్ళకేం, నోరు నొప్పి పుట్టాలి గాని అని గొణుక్కుంటూ, కట్ల సంచి చంకన పెట్టుకుని ఆమె ఒక్కతే నడిచింది. దారి పొడుగునా పచ్చిపువ్వు పులిసిన తియ్యటి వాసన. చెట్ల కింద నల్లగా కాలిన గుండ్రాలు. తనలో తను తిట్టుకుంటూనే ఉంది గాని, లోపల మాత్రం ఆశే. చెయ్యి చాపి పరుగెత్తుకొస్తుంది చూడు పిల్ల అనుకుంది.

బిజ్జా ఇంటి ముందు వెదురు దడి. దడి బయట, వేపమండలు కప్పిన చిన్న పందిరి కింద సోమి కూర్చుని ఉంది. పరుగెత్తుకు రాలేదు. లేవను కూడా లేవలేదు. కుడిచెయ్యి రొమ్ముకు హత్తుకుని ఉంది, ఆకులు చుట్టి నారతో కట్టి. వాసన దూరానికే తెలిసింది తాయారమ్మకు. ఇప్పనూనె వాసన, దాని కింద చీము వాసన.

"ఏమైంది బిడ్డా? చెక్క ఏది? చెయ్యి ఇటు చాపు."

సోమి చాపబోయింది. రాలేదు. మూతి బిగపట్టి మళ్ళీ ప్రయత్నించి, వల్లగాక వదిలేసింది.

తాయారమ్మ అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని నార విప్పింది. ఆకులు పుండుకు అంటుకుపోయాయి. సెలైను పోసి నానబెట్టి ఒక్కొక్కటే తీసింది. పొర లేదు. ఎక్కడా లేదు. మణికట్టు మీద, మడతలో, పైన అంతా పసుపుపచ్చ చీము. దాని నడుమ అక్కడక్కడ ఎర్రగా కండ పెరుగుతోంది. మోచేతి మడత అప్పుడే గట్టిపడి లోపలికి లాగుతోంది. పిల్ల ఒళ్ళు పెనంలా కాలుతోంది.

"ఎవడు పీకిండు?" అని అరిచింది తాయారమ్మ. ఊరంతా వినబడేట్టు అరిచింది. "ఎవడ్రా పీకింది? గోరు తగలొద్దంటే చెవిలో దూది పెట్టుకున్నవా బిజ్జా?"

బిజ్జా దడి లోపలి నుంచి వచ్చాడు. వెనకాల హుంగా అనే ముసలాయన, వాళ్ళ వంశానికి పెద్ద, కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"నేనే," అన్నాడు బిజ్జా. "కోపం చెయ్యకు సిస్టరమ్మా. వాగుకు తీస్కపోయి నీళ్ళల్ల నానబెట్టిన. మెల్లగ తీసిన. ఊకె పీకలే."

"ఎందుకు తీసినవయ్యా? నొప్పి పెట్టిందా? జ్వరమొచ్చిందా?"

"లే. నొప్పి లేదయ్యా, ఉండనియ్యి అనే అన్నది పిల్ల."

"మరేం రోగం నీకు!"

బిజ్జా ముసలాయన వైపు చూశాడు. ముసలాయన నేల చూశాడు. ఎవరూ కోపంగా లేరు. అదే ఆమెకు అర్థం కాలేదు. తప్పు చేసి దొరికినవాళ్ళలా కాదు, చుట్టం తప్పు చేస్తే తామే సిగ్గుపడుతున్నట్టు నిలబడ్డారు.

"మేం మేక వంశపోళ్ళం సిస్టరమ్మా," అన్నాడు బిజ్జా. "మేక మాకు పెద్ద. మేం తినం, కొయ్యం. తొవ్వల చచ్చిన మేక కనబడితే తానం చేసి, పాత కుండలు పగలగొట్టి, ఇంట్ల చావైనట్టే ఉంటం. నువ్వు మేక తోలన్నవు. మా తాత తోలు తీసి బిడ్డకు కప్పినట్టాయె. దాంతోని ఇంట్లకు ఎట్ల వస్తది? దానితోని ఎట్ల తింటం?"

తాయారమ్మ చేతిలోని గాజుగుడ్డను పక్కన పెట్టింది.

"అప్పుడే అనొద్దా?" అంది. గొంతు తగ్గింది. "ఆస్పత్రిలోనే చెప్పొద్దా నాకు?"

"ఎట్ల చెప్తం? మంచి చేస్తున్నవు. మొకం మీద వద్దంటే బాగుంటదా? బిడ్డ మంట పోయిందన్నది. నేనే ఓర్చుకున్న. ఇంటికొచ్చినంక పెద్దలు కూసున్నరు. తీసి, శుద్ధి చేసి, ఇన్నొద్దులు బయట ఉంచుమన్నరు. రేపు లోపలికి తీస్కుంటం."

రేపు లోపలికి తీసుకుంటారట. అన్నీ పద్ధతిగా చేశారు. పిల్లను కొట్టలేదు, తిట్టలేదు. ఎండ తగలకుండా వేపమండలు కూడా కప్పారు. ఎవర్ని తిట్టాలో తోచలేదు తాయారమ్మకు. ఇరవయ్యేళ్ళుగా ఈ మనుషుల మధ్యే ఉంది. వీళ్ళ పురుళ్ళు పోసింది, పుళ్ళు కడిగింది, వీళ్ళ సంతలోనే కూరలు కొన్నది. నీది ఏ వంశం అని ఒక్కర్ని అడగలేదు.

నిజం చెప్పకుండా ఉండొచ్చు. చెప్తే ఈ ముసలాయన కర్ర ఎత్తినా ఎత్తుతాడు. కాని పిల్ల ఆమె ముఖం వంకే చూస్తోంది.

"బిజ్జా," అంది. "అది మేకది కాదు."

ఇద్దరూ తలెత్తారు.

"అబద్ధం చెప్పిన. మేకది కాదు. ఆవుది. అది ఆవు తోలుతోని చేసేది. ఆవంటే మీరు ఒప్పుకోరని, బయట ఎవరన్నా వింటే గొడవైతదని, నోటికొచ్చిన మాట అన్న."

ఇక తిట్లే అనుకుని, తల వంచుకుని కూర్చుంది. బిజ్జా ముసలాయనకు వాళ్ళ భాషలో చెప్పాడు. ముసలాయన రెండోసారి చెప్పించుకున్నాడు. తర్వాత ఇద్దరూ ఒకరి మొకం ఒకరు చూసుకున్నారు.

"ఆవుదా?" అన్నాడు బిజ్జా. "ఉత్త ఆవుదేనా?"

"ఆవుదే."

"ఆవు మాకేం కాదు గద సిస్టరమ్మా." వాడి గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే. "ఆవుదైతే ఏముండె? ఉంచుకుంటుంటిమి గద. ఆ మాటే చెప్తే అయిపోవు గద."

తాయారమ్మ పుండు మీంచి తీసిన ఆకులను ఒక్కచోట కుప్ప చేసింది.

బిజ్జా ముఖం మాత్రం వెలిగిపోయింది. గబగబా పందిరి కిందికి వచ్చి, అన్ని రోజుల తర్వాత మైల అనుకోకుండా పిల్ల తల మీద చెయ్యి వేశాడు. చెంప నిమిరాడు. ముసలాయనతో ఏదో అన్నాడు, ముసలాయన చెయ్యి ఊపి పో పో అన్నాడు. లోపలికి ఉరికి తువ్వాలు, నీళ్ళ బుర్ర తెచ్చాడు. పిల్లను ఎత్తి భుజాన వేసుకున్నాడు.

"నడువు సిస్టరమ్మా. పొద్దు గూకకముందే పోదాం. ఆవుదే పెట్టు మళ్ళ. ఈసారి ఊడేదాక ముట్టం. పెద్దల ముందట చెప్తున్న."

"ఆగు బిజ్జా."

"బండి వాగు కాడ ఉందా?"

"ఆగు, చెప్పేది విను." ఆమె లేచింది. మోకాళ్ళకు మట్టి అంటింది, దులుపుకోలేదు. "అది ఇంకోటి లేదు. ఉన్నా ఇప్పుడు పనికిరాదు. అది కాలిన కొత్తలనే, పుండు మంచిగ ఉన్నప్పుడే అతుకుతది. చీము పట్టినంక నిలవదు. జ్వరానికి మందిస్తం, కడుగుతం, కట్టు కడతం. పానానికి భయం లేకుండ చూస్తం. కాని చెయ్యి..." పిల్ల మోచేతి మడతను చూపించింది. "చెయ్యి చాపుడు కాదు బిజ్జా. ఇట్లనే ఉంటది. పట్నంల ఆపరేషన్ చేస్తరంటరు, అది కూడ ఎంత చాపుతదో చెప్పలేం."

బిజ్జా నిలబడిపోయాడు. భుజం మీది పిల్ల చెయ్యి వాడి మెడకూ రొమ్ముకూ నడుమ వంగి ఇరుక్కుని ఉంది. తాయారమ్మ ముఖంలోకి చూశాడు. అడవిలో తెలియని పండు దొరికితే తినొచ్చో లేదో చూసినట్టు చూశాడు.

"సిస్టరమ్మా," అన్నాడు చివరికి, ఏ మాత్రం ఎత్తిపొడుపు లేకుండా, "ఇదన్నా నిజమేనా?"

"నిజమే బిజ్జా. నా బిడ్డల మీద ఒట్టు."

వాడు పిల్ల చెయ్యి వంక చూశాడు. తర్వాత, పసిపిల్ల మాటకు పెద్దవాళ్ళు నవ్వినట్టు చిన్నగా నవ్వాడు.

"నువ్వు భయపడ్డవు. గొడవైతదని మళ్ళ భయపడి, లేదంటున్నవు," అన్నాడు. "ఆవుదని ఎవరికీ చెప్పను. నడువు."

పిల్లను సర్దుకుని వాగు వైపు పెద్ద పెద్ద అంగలేసుకుంటూ బయల్దేరాడు. పిల్లకు ఏదో చెప్తున్నాడు, మంట పోతుందని చెప్తున్నాడు. సోమి వాడి భుజం మీది నుంచి వెనక్కి తిరిగి తాయారమ్మను చూసి నవ్వింది. తాయారమ్మ సంచి తీసుకుని వెనకే నడిచింది. "నిజమే బిజ్జా, నిజమే చెప్తున్న," అని రెండుమూడు సార్లు పిలిచింది. వాడు సరే సరే అన్నట్టు చెయ్యి ఊపాడు గాని ఆగలేదు.